వెనక బండిని మరిస్తే ముందు బండికీ ముప్పే

కారుకు ట్రెయిలర్ కట్టి విహారానికి బయలుదేరే వారు తెలుసుకోవలసిన సంగతులు

రామంతాపూర్: ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒక పూట నిలబడితే చాలు, ఒక బండి మరో బండిని లాగే తీరు ఎన్ని రకాలుగా ఉంటుందో కళ్లారా చూడవచ్చు. ట్రాక్టరు వెనక ఇటుకల ట్రాలీ. పెళ్లి ఊరేగింపుకు పోయే జీపు వెనక జనరేటరు బండి. నాచారం పారిశ్రామిక వాడ వైపు ఇనుప సామాను మోసుకుపోయే పొడుగాటి ట్రెయిలర్. చెడిపోయిన కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కుపోయే ఇంకో కారు. పెట్రోలు అయిపోయిన ఆటోను వెనక నుంచి కాలితో నెట్టుకుంటూ వచ్చే తోటి ఆటోవాలా.

వీటికి తోడు కారు వెనక కట్టుకునే చిన్న ఇంటి మీద కూడా కొందరికి మనసు పోతున్నది. దాన్నే క్యాంపర్ ట్రెయిలర్ అంటారు. రెండు చక్రాల మీద ఒక పెట్టె. అందులో పడక, స్టవ్వు, నాలుగు గిన్నెలు పెట్టుకునే అర. వరంగల్ వెళ్లే జాతీయ రహదారి ఉప్పల్ గడప ముందు నుంచే పోతుంది. ఆ దారిన రామప్ప, లక్నవరం చూసి, రాత్రి అక్కడెక్కడో చెట్టు కింద పడుకుని రావచ్చునన్న ఆలోచన ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇది పాత అలవాటు. అక్కడ చదువుకునే తెలుగు విద్యార్థులు ఇల్లు మారేటప్పుడు అద్దె ట్రెయిలర్‌ను కారు వెనక తగిలించుకుని పోవడం మామూలే.

ముచ్చట బాగానే ఉన్నది. అయితే ఒక్క విషయం మరువరాదు. వెనక కట్టిన బండికి ఇంజను లేదు, స్టీరింగు లేదు, చాలా చిన్న ట్రెయిలర్లకు బ్రేకు కూడా ఉండదు. బరువు మాత్రం ఉంది. వేగం ఉంది. ఎత్తు ఉంది. ఈ మూడింటికీ జవాబు చెప్పవలసింది ముందు కారులో కూర్చున్న ఒక్క మనిషే.

రామంతాపూర్ మరువలేని రాత్రి

లాగుడు బండి సంగతి రామంతాపూర్ వాసులకు ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. 2025 ఆగస్టు 17 ఆదివారం రాత్రి ఇక్కడ కృష్ణాష్టమి ఊరేగింపు జరిగింది. రథాన్ని లాగుతున్న వాహనం మధ్య దారిలో ఆగిపోయింది. యువకులు రథాన్ని చేతులతో ముందుకు కదిలించారు. అంతలో రథానికి కరెంటు తగిలింది. అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. మరి కొందరు గాయపడ్డారు. పండుగ నాటి సంబరం తెల్లవారే సరికి శోకంగా మారింది.

ఆ వారంలోనే పాతబస్తీ వైపు బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తుండగా కరెంటు తీగలు తగిలి మరో ఇద్దరు చనిపోయారు. దానితో స్తంభాలకు వేలాడే కేబుల్ తీగల తొలగింపు నగరమంతటా పెద్ద విషయమయింది. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది.

రథం వేరు, క్యాంపర్ ట్రెయిలర్ వేరు అని ఎవరైనా అనవచ్చు. లాగేటప్పుడు వచ్చే చిక్కు మాత్రం ఒక్కటే. ఒక బండి లాగుతున్నది, ఒకటి లాగబడుతున్నది. లాగే బండి ఆగిపోతే ఏం చేయాలి, వెనక బండి ఎత్తెంత, దారిలో తీగలెక్కడ అన్న ప్రశ్నలకు ఇంటి దగ్గరే జవాబు వెతుక్కోవాలి. నడిరోడ్డు మీద, రాత్రి పూట, పది మంది కేకల మధ్య ఆ జవాబు దొరకదు.

బరువు లెక్క

ట్రెయిలర్ కొనే ముందు, కనీసం అద్దెకు తెచ్చే ముందు, కారుతో పాటు కంపెనీ వారిచ్చిన పుస్తకం తెరిచి చూడాలి. ఆ కారు ఎంత బరువు లాగగలదో అందులో రాసి ఉంటుంది. కొన్ని చిన్న కార్లకు ట్రెయిలర్ కట్టవద్దని కూడా రాసి ఉంటుంది. అలా ఉంటే అక్కడితో ఆ ఆలోచన మానుకోవడం మంచిది. ఇంజను లాగినంత మాత్రాన సరిపోదు. క్లచ్చి, గేరు పెట్టె, బ్రేకులు, వెనక కమానులు అన్నీ ఆ బరువుకు తగినవై ఉండాలి.

బ్రేకు లేని ట్రెయిలర్ విషయంలో ఐరోపా దేశాలు ఒక హద్దు పెట్టుకున్నాయి. ట్రెయిలర్ మొత్తం బరువు 750 కిలోలు మించరాదు. కారు సొంత బరువులో సగం కూడా మించరాదు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క. అంటే 900 కిలోల కారు వెనక బ్రేకు లేని బండి 450 కిలోలకు మించి ఉండరాదన్నమాట. ట్రెయిలర్‌కు సొంత బ్రేకు ఉన్నా సరే, కొత్తగా నడిపే వారు కారు బరువులో 85 శాతం దాటవద్దని బ్రిటన్‌లోని అనుభవజ్ఞులు చెబుతారు.

450 కిలోలంటే చాలా ఎక్కువన్నట్టు వినబడుతుంది గాని, సామాను ఎక్కుతుంటే అది ఎంతో సేపు నిలవదు. లీటరు నీరు ఒక కిలో. 50 లీటర్ల నీళ్ల డబ్బా నింపితే 50 కిలోలు ఎక్కినట్టే. ఇంట్లో వాడే గ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు. ఇనుప సిలిండరుతో కలిపి దాదాపు 30 కిలోలు తూగుతుంది. పరుపులు, మంచు పెట్టె, కుర్చీలు, స్టెప్నీ, బియ్యం, గిన్నెలు ఒక్కొక్కటే చేరతాయి. అందాజా లెక్కలు నమ్మరాదు. నాచారం, మల్లాపూర్, చెర్లపల్లి వాడల్లో లారీల కోసం ధర్మకాంటాలు ఉన్నాయి. సామానంతా సర్దిన తరువాత ఒకసారి కాంటా ఎక్కిస్తే అసలు సంగతి తేలిపోతుంది.

బండి తోలిన వారికి తెలిసిన కిటుకు

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే. ఈ సంగతి మన రైతులకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగిపోతాయి. నడుమ ఇరుసుకు కొంచెం ముందుగా బరువు కూర్చుంటేనే బండి సాఫీగా సాగుతుంది.

కారు ట్రెయిలర్‌కూ ఇదే నీతి. సామానులో బరువైనవన్నీ ఇరుసు దగ్గర, నేలకు దగ్గరగా సర్దాలి. మొత్తం బరువులో కొంత భాగం కొక్కెం మీద పడాలి. అమెరికాలో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద ఉండాలంటారు. ఐరోపాలో తేలిక కార్లకు 5 నుంచి 7 వంతులు చాలునంటారు. ఏ లెక్క పట్టినా, కారు కొక్కెం మీద రాసిన హద్దు మాత్రం దాటరాదు. యూ హాల్ అనే అమెరికా అద్దె ట్రెయిలర్ల కంపెనీ 1945 నుంచి ఈ వ్యాపారంలో ఉంది. సామానులో నూటికి 60 వంతులు ట్రెయిలర్ ముందు సగంలోనే ఉండాలని ఆ కంపెనీ తన ఖాతాదారులకు చెబుతుంది.

కొక్కెం మీద ఎంత పడుతున్నదో చూడటానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మనుషులు బరువు చూసుకునే చిన్న తూకం యంత్రం చాలు. ట్రెయిలర్‌ను చదునైన నేల మీద నిలిపి, దాని ముందు కొన కారుకు తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున ఒక చెక్క దిమ్మె మీదుగా తూకం యంత్రంపై ఆనించాలి. అది చూపించేదే కొక్కెం బరువు.

వెనక బరువు ఎక్కువైతే ట్రెయిలర్ తోక ఊపడం మొదలు పెడుతుంది. ముందు బరువు మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు పట్టు తప్పుతుంది, బ్రేకు సరిగా పట్టదు. రాత్రి పూట కారు దీపాలు పైకి లేచి ఎదుటి వారి కళ్లలో కొడతాయి.

బంపరుకు వెల్డింగు పనికిరాదు

కొక్కెం విషయంలో చవక బేరాలు ప్రాణాల మీదికి తెస్తాయి. రోడ్డు పక్క వెల్డింగు షాపులో బంపరుకు ఒక ఇనుప ముక్క అతికించి, దానికి గుండు బిగిస్తే కొక్కెం అయిపోదు. బంపరు ఉన్నది చిన్న దెబ్బలు కాయడానికి, బరువు లాగడానికి కాదు. కొక్కెం కారు అడుగు చట్రానికి, ఆ కారు కోసమే చేసిన బిగింపుతో, బోల్టులతో పట్టి ఉండాలి.

గుండు కొలత, దాన్ని పట్టే మూతి కొలత ఒకటేనా కాదా అన్నది తప్పక చూడాలి. ఐరోపా పద్ధతి గుండు 50 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతిలో వేరు వేరు అంగుళాల కొలతలున్నాయి. చిన్న గుండు మీద పెద్ద మూతి కూర్చున్నట్టే కనబడుతుంది. మొదటి గతుకు దగ్గర ఊడి వస్తుంది. సరిగ్గా పట్టిందో లేదో చూడటానికి తేలిక ఉపాయం ఉంది. తగిలించిన తరువాత ట్రెయిలర్ ముందు కొనను దాని జాకీతో కొద్దిగా పైకెత్తాలి. కారు వెనక భాగం కూడా దానితో పాటు లేస్తే పట్టు పడినట్టు.

అంతటితో ఆగరాదు. కొక్కెం ఊడినా బండి వదిలిపోకుండా రెండు గొలుసులు ఉండాలి. వాటిని కొక్కెం కింద కత్తెర మాదిరిగా, ఒకదాని మీద ఒకటి వేసి కట్టాలి. అలా కడితే, ముందు కొన ఊడినప్పుడు రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉండాలి గాని, నేలకు రాసుకునేంత వదులు ఉండరాదు.

దీపాల తీగ తగిలించి, ఒక మనిషిని వెనక నిలబెట్టి, బ్రేకు దీపం, ఎడమ, కుడి మలుపు దీపాలు, రాత్రి దీపం ఒక్కొక్కటీ వెలిగించి చూడాలి. కారు దీపాలను ట్రెయిలర్ కప్పేస్తుంది. ట్రెయిలర్ దీపాలు వెలగకపోతే వెనక వచ్చే వానికి ముందు ఏముందో తెలియదు. దీపం లేని ట్రాక్టరు ట్రాలీలను చీకట్లో గుద్దుకుని ఎందరు పోయారో వరంగల్ రోడ్డు మీద తిరిగే వారికి చెప్పనక్కర లేదు.

ఆపడమే అసలు పని

లాగడం సులువు, ఆపడమే కష్టం. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు లేని 400 కిలోల బండి వెనక ఉంటే ఆ పని అంతా కారు బ్రేకుల మీదే పడుతుంది. పైగా మలుపులో గట్టిగా బ్రేకు తొక్కితే వెనక బండి కారును పక్కకు నెట్టి కత్తిలా మడిచేస్తుంది.

కొంచెం పెద్ద ట్రెయిలర్లకు సొంత బ్రేకు ఉంటుంది. ఒక రకంలో, కారు నెమ్మదించగానే ట్రెయిలర్ ముందుకు తోసుకు వస్తుంది. ఆ తోపుడుకు ఒక కడ్డీ లోపలికి జరిగి ట్రెయిలర్ చక్రాల బ్రేకు పడుతుంది. దానికి కరెంటు అక్కరలేదు. మరో రకంలో కరెంటు బ్రేకులుంటాయి. కారులోనే ఒక చిన్న మీట ఉంటుంది. ట్రెయిలర్ విడిపోతే దాని బ్రేకులు తమంతట తామే పడేటట్టు ఒక సన్నని ఉక్కు తీగ కారుకు కట్టి ఉంటుంది. దాన్ని కట్టడం మరువరాదు.

ముందు బండికీ తమకూ మధ్య మామూలుగా వదిలే దూరం రెట్టింపు చేయాలి. ముందు బండి ఒక స్తంభం దాటిన తరువాత నాలుగు అంకెలు లెక్కపెట్టే దాకా తమ కారు ఆ స్తంభం చేరకూడదు. శ్రీశైలం ఘాటు వంటి చోట దిగేటప్పుడు తక్కువ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చుంటే అది వేడెక్కి, అవసరమైనప్పుడు పట్టకుండా పోతుంది.

తోక ఊపితే

అన్నిటికన్నా భయపెట్టేది ట్రెయిలర్ తోక ఊపడం. పక్క నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు దూసుకుపోయినప్పుడు, ఈదురు గాలి కొట్టినప్పుడు, దిగుడులో వేగం పెరిగినప్పుడు ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. మొదట కొద్దిగా, తరువాత కారునే ఊపేటంతగా.

అప్పుడు చేయకూడనివి మూడు. గట్టిగా బ్రేకు తొక్కరాదు. స్టీరింగును ఎదురు తిప్పి సరిచేయ చూడరాదు. వేగం పెంచితే సర్దుకుంటుందన్న పాత మాట నమ్మరాదు. చేయవలసింది ఒక్కటే. యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగును నిటారుగా, గట్టిగా పట్టుకోవాలి. ట్రెయిలర్‌కు కరెంటు బ్రేకు మీట ఉంటే దాన్ని మాత్రమే కొద్దిగా నొక్కాలి. బండి శాంతించిన తరువాత పక్కకు ఆపి, సామాను ముందుకు సర్దుకోవాలి. అలా సర్దకుండా మళ్లీ బయలుదేరితే మళ్లీ ఊగుతుంది.

అమెరికా విశాల రహదారుల మీదనే యూ హాల్ కంపెనీ గంటకు 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు మించవద్దంటుంది. ఆవులు, అడ్డం వచ్చే మోటారు సైకిళ్లు, చెప్పాపెట్టకుండా ఎదురయ్యే స్పీడు బ్రేకర్లు ఉన్న మన దారుల్లో 50, 60 దాటకపోవడమే తెలివి.

మలుపులు, గల్లీలు

రామంతాపూర్ కాలనీల సందుల్లో కారు తిప్పడమే ఒక విద్య. ట్రెయిలర్‌తో అయితే అది మరింత కష్టం. మలుపులో ట్రెయిలర్ చక్రాలు కారు చక్రాల జాడలో రావు. మూలకు దగ్గరగా కోసుకుని వస్తాయి. మూల మీద కరెంటు స్తంభమో, కూరగాయల బండో, స్కూటరో ఉంటే తగలడం ఖాయం. కాబట్టి కారును కొంచెం ముందుకు పోనిచ్చి, వెడల్పుగా తిప్పుకోవాలి. ఉప్పల్ వైపు మెట్రో స్తంభాల మధ్య యూ టర్ను తీసుకునే చోట్ల ఒక్కసారిగా తిరగదనుకుంటే ముందుకు పోయి వెడల్పు చోటు చూసుకోవడమే మేలు.

వెనక్కి పెట్టేటప్పుడు ట్రెయిలర్ స్టీరింగుకు వ్యతిరేక దిక్కుకు పోతుంది. కొత్తవారికి ఇక్కడే బుర్ర తిరుగుతుంది. దీనికి ఒక కిటుకుంది. చేతిని స్టీరింగు చక్రం అడుగు భాగాన పట్టుకోవాలి. చేతిని ఎడమకు జరిపితే ట్రెయిలర్ ఎడమకు పోతుంది, కుడికి జరిపితే కుడికి పోతుంది. కొద్ది కొద్దిగా తిప్పాలి. వంకర వస్తే ముందుకు లాగి మళ్లీ మొదలు పెట్టాలి.

వెనక నిలబడి దారి చూపే మనిషి ఒక్కడే ఉండాలి. నలుగురూ చేరి ‘‘రానియ్, రానియ్’’ అని ఒకరు, ‘‘ఆగన్నా’’ అని ఒకరు కేకలు వేస్తే డ్రైవరుకు ఏ మాట వినాలో తోచదు. ఆ ఒక్క మనిషి కూడా అద్దంలో కనబడే చోటే ఉండాలి. గోడకూ ట్రెయిలర్‌కూ మధ్య నిలబడరాదు.

పైన ఏముందో చూడాలి

కారు నడిపే వానికి తన నెత్తి మీద ఏముందో చూసే అలవాటు ఉండదు. చూడవలసిన అవసరమూ రాదు. ట్రెయిలర్ కట్టిన రోజు ఆ అలవాటు చేసుకోవాలి. ఖాళీ చోట నిలిపి, నేల నుంచి అత్యంత ఎత్తైన భాగం దాకా టేపుతో కొలిచి, ఆ అంకెను డ్రైవరు కంటికి కనబడే చోట అతికించాలి. కప్పు మీద సామాను కట్టితే మళ్లీ కొలవాలి. జెండా కర్ర, టీవీ యాంటెన్నా, గొడుగు గుడారం ఇవన్నీ ఎత్తులో చేరేవే. ఊరేగింపు రథం కట్టేవారికి ఇది మరింత అవసరం. రథం సాగే దారిని పగటి పూట ఒకసారి నడిచి, తీగలు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయో చూసి, విద్యుత్ సిబ్బందికి ముందే చెప్పాలి. ఫిర్యాదుకు 1912 నంబరు ఉంది.

వేలాడేది కేబుల్ టీవీ తీగే కదా అని కర్రతో పైకెత్తడం చాలామంది చేసే పని. అది పైన ఎక్కడో కరెంటు తీగకు ఆనుకుని ఉందేమో కింద నిలబడిన వానికి తెలియదు. తడిసిన కర్రలో కూడా కరెంటు పారుతుంది.

బండికి తీగ తగిలితే లోపలి వారు లోపలే ఉండాలి. బయటి వారు తాకరాదు, దగ్గరికి రారాదు. కరెంటు ఆపినట్టు విద్యుత్ సిబ్బంది చెప్పే దాకా కదలరాదు. నిప్పంటుకుని దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి దూకాలి. తరువాత పాదాలు నేల మీద నుంచి ఎత్తకుండా చిన్న చిన్న అడుగులతో జరుగుతూ దూరం పోవాలి. పడిపోయిన వారిని పట్టుకుని లాగబోయిన వారు కూడా బలవుతారు.

దారిలో ఆగిపోతే

లాగే బండి ఆగిపోగానే అందరికీ తోచేది ‘‘తోయండిరా’’ అన్న మాటే. ముందు చేయవలసింది అది కాదు. హ్యాండ్ బ్రేకు వేసి, ట్రెయిలర్ చక్రాల కింద ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. రాయి పెట్టకుండా ట్రెయిలర్‌ను కారు నుంచి ఎప్పుడూ విడదీయరాదు. కొద్దిపాటి వాలులో కూడా అది తన దారిన తాను పోతుంది. వెనక దూరాన ఎర్ర త్రికోణం నిలపాలి. ఆ తరువాత పైన, పక్కన, కింద చూసి, కదిలించవచ్చునా లేదా అన్నది తీరికగా నిర్ణయించుకోవాలి. చీకట్లో, తీగల కింద, వానలో అయితే కదిలించకుండా సాయం కోసం ఆగడమే మంచిది.

చెడిన బండిని తాడుతో లాగడానికీ నియమాలున్నాయి. 1989 నాటి రోడ్డు నియమాలు తాడు కట్టిన రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించరాదన్నాయి. వేగం గంటకు 24 కిలోమీటర్లు మించరాదన్నాయి. వెనక బండి స్టీరింగు దగ్గర లైసెన్సు ఉన్న మనిషే కూర్చోవాలని, లాగబడుతున్నదని తెలిపే బోర్డు వెనక కట్టాలని చెప్పాయి. 2017లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. ఈ జాగ్రత్తల అవసరం మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

లాగబడే కారులో కూర్చునే వారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంజను ఆగితే బ్రేకు రెండు మూడు సార్లు పట్టి, ఆ తరువాత రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగు కూడా బరువెక్కుతుంది. తాళం చెవి తీసేస్తే స్టీరింగు బిగుసుకుపోతుంది. కాబట్టి తాళం తిప్పి ఉంచాలి. గేరు మార్చనక్కరలేని ఆటోమేటిక్ కార్లను, చక్రాలు నేల మీద ఉంచి లాగితే గేరు పెట్టె పాడవుతుంది. వాటిని లారీ మీద ఎక్కించి పంపాలి. ఇక ఆటోను కాలితో నెట్టే పద్ధతి సంగతి చెప్పేదేముంది? కాలు జారితే మనిషి చక్రం కిందికే.

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రెయిలర్ కూడా ఒక వాహనమే. దానికీ రిజిస్ట్రేషను కావాలి. లాగే కారు నంబరు ట్రెయిలర్ వెనక కూడా కనబడాలి. ఎవరో చేసి ఇచ్చిన పెట్టెను కట్టుకుని రోడ్డెక్కితే, పోలీసులు ఆపడం ఒక ఎత్తు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వారు చేతులెత్తేయడం మరో ఎత్తు. కొనక ముందే ఉప్పల్ రవాణా కార్యాలయంలోనూ, ఇన్సూరెన్సు కంపెనీలోనూ విచారించుకుంటే తరువాత చిక్కులుండవు. బండి నడుస్తున్నప్పుడు ట్రెయిలర్‌లో మనిషిని, ముఖ్యంగా పిల్లలను, కూర్చోబెట్టరాదు. అందులో సీటు బెల్టు ఉండదు, కొక్కెం ఊడితే ఆపే వారుండరు.

బయలుదేరే ముందు

ట్రెయిలర్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి పక్కన ఎండకు ఎండి, వానకు తడిసి పడి ఉంటుంది. అందుకే దాని టైర్లు అరగక ముందే ముసలివైపోతాయి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పగుళ్లు కనబడితే, గాళ్లు ఎంత లోతుగా ఉన్నా మార్చవలసిందే. గాలి చూసి, చక్రాల నట్లు బిగించి, ఇరుసు బేరింగుల్లో గ్రీజు ఉందో లేదో మెకానిక్‌కు చూపించాలి. గ్యాసు సిలిండరు మూసి, కదలకుండా కట్టాలి. అద్దాల్లో ట్రెయిలర్ పక్కలు కనబడకపోతే అదనపు అద్దాలు బిగించుకోవాలి.

ప్రయాణం మొదలైన అరగంటకు, ఘట్‌కేసర్ దాటగానే అయినా సరే, ఒకసారి పక్కకు ఆపాలి. చక్రం నడుమ భాగానికి చేయి దగ్గరగా పెట్టి చూడాలి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగు పాడైనట్టే. నట్లు, గొలుసులు, దీపాల తీగ మళ్లీ చూసుకోవాలి. వానాకాలం నీళ్లు నిలిచిన దారిలోకి దిగరాదు. 2020 అక్టోబరులో హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు ఎలా మునిగాయో చూసినవారికి ఈ మాట వివరించనక్కర లేదు. తేలిక పెట్టె వంటి ట్రెయిలర్‌ను పారే నీరు కారు కంటే ముందు తోసేస్తుంది.

మొదటిసారే వరంగల్ రోడ్డు ఎక్కవద్దు. ఒక ఆదివారం ఉదయం, ఖాళీ మైదానంలో, నాలుగు ఇటుకలు గుర్తులుగా పెట్టుకుని మలుపు తిప్పడం, వెనక్కి పెట్టడం, నెమ్మదిగా ఆపడం రెండు గంటలు సాధన చేయాలి. మొదట ఖాళీ ట్రెయిలర్‌తో, తరువాత సామానుతో. ఇంట్లో నడిపేవారు ఇద్దరుంటే ఇద్దరూ నేర్చుకోవాలి. ఆ రెండు గంటలు దండగ అనిపించవచ్చు. కానీ వెనక బండి ఎంత దూరంలో ఆగుతుందో తెలిసేది అక్కడే.